జట్టు మారాలనుకున్న అమ్మాయి మోకాలు

సిడ్నీ శివారు వెస్ట్‌మీడ్‌లో ఒక ఆసుపత్రిలో పంతొమ్మిదేళ్లు ఫిజియోథెరపిస్టుగా పనిచేశాక, కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, పారమట్టాకు దగ్గర్లోని ఒక యూనివర్సిటీ మహిళల ఫుట్‌బాల్ జట్టుకు హెడ్ ఫిజియోగా చేరాను. ‘హెడ్’ అన్న మాట చూసి మురిసిపోయాను గాని, నా కింద ఇంకెవరూ లేరు. హోదాలో కోచ్ తరువాత డాక్టరు, డాక్టరు తరువాత నేను, నా తరువాత బస్సు డ్రైవరు. సిడ్నీలో ఫుట్‌బాల్ అంటే ఒక్కొక్కరు ఒక్కో ఆట చెప్తారు. మాది గుండ్రటి బంతి, కాలితో ఆడేది, మనవాళ్లు ఫుట్‌బాల్ అనుకునేదే.

కోచ్ పేరు బ్రెండా. యాభై దాటిన మనిషి. ఆవిడ గొంతు మైదానం ఈ చివరి నుంచి ఆ చివరికి మైకు లేకుండా వినిపించేది. ఇరవై మంది అమ్మాయిల పుట్టినరోజులూ గుర్తుపెట్టుకుని, తానే కేకు చేసి తెచ్చేది. ఆ కేకు కొరకడానికి పళ్లు గట్టిగా ఉండాలి. అయినా వదిలేసే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఆవిడంటే నాకు మొదటి వారం నుంచే ఇష్టం. ఒక్కటే చిక్కు. జట్టు వదిలి ఇంకో యూనివర్సిటీకి వెళ్తానన్న పిల్లను ఆవిడ క్షమించలేకపోయేది.

ఆటగాళ్లు జట్టు మారాలంటే పాత జట్టు ‘క్లియరెన్స్’ ఇవ్వాలి, అంటే మాకు అభ్యంతరం లేదని రాసివ్వాలి. సరైన కారణం లేకుండా కాదనడానికి వీల్లేదు. కాని ఆలస్యం చెయ్యవచ్చు. కొత్త జట్టులో పేర్ల నమోదుకు గడువు ఉంటుంది కాబట్టి, ఆలస్యం కూడా కాదనడం లాంటిదే. ఈలోపు ఆ పిల్లను వాట్సాప్ గ్రూపులోంచి తీసేస్తారు, బూట్ల అర ఖాళీ చేయిస్తారు. ఇవేవీ ఏ నిబంధనల పుస్తకంలోనూ లేవు. ఎప్పటి నుంచో అలా జరుగుతూ వచ్చింది, అంతే.

మెడికల్ రూమ్‌లో నా బాధ్యతలో ఒక తెల్లబోర్డు ఉండేది. గాయపడినవాళ్ల పేర్లు దాని మీద మూడు రంగుల్లో రాసేదాన్ని. ఎరుపంటే ఆడకూడదు, పసుపంటే కోలుకుంటోంది, ఆకుపచ్చంటే ఆడవచ్చు. ప్రతి సోమవారం కోచ్ సమావేశంలో ఆ జాబితా పైకి చదవాలి. బోర్డు మీద పేరున్నవాళ్లకే వారంలో చికిత్స వేళలు దొరికేవి.

హారిక పేరు ఏడు నెలలుగా ఆ బోర్డు మీద ఉంది. తల్లిదండ్రులది నిజామాబాద్, తను పుట్టింది ఇక్కడే. స్కూలు మైదానంలో పదిహేనేళ్ల పిల్లగా ఆడుతుంటే బ్రెండాయే చూసి, వెంటపడి తెచ్చుకుంది. నేను చేరిన ఏడాది జూన్‌లో, మా జెర్సీతో ఆడుతూ ఒక్కసారిగా పక్కకు తిరిగినప్పుడు కుడి మోకాల్లో లిగమెంటు తెగింది. శస్త్రచికిత్స అయింది. ఇలాంటి మోకాలు మళ్లీ ఆటకు సిద్ధం కావడానికి తొమ్మిది నెలలు తక్కువ కాదు. వాపు తగ్గించడం, తొడ కండరం మళ్లీ పెంచడం, నడక, పరుగు, గెంతు, చివరికి పరుగెడుతూ దిశ మార్చడం. ఒక్క మెట్టు దాటేసినా మొదటికే మోసం.

ఏడు నెలలు దాటాక ఆ పిల్ల మెల్‌బోర్న్‌లోని ఒక యూనివర్సిటీకి మారతానని దరఖాస్తు పెట్టింది. బ్రెండా ఎప్పుడూ వెనక వరసలోనే ఆడించేది. అక్కడి కోచ్ మధ్య వరసలో ఆడిస్తానంది. అంతకన్నా పెద్ద కారణం ఏదీ లేదు, ఆడే పిల్లకు అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు కూడా. ఆ రోజు నుంచి బ్రెండా నోట హారిక పేరు రాలేదు. ఎప్పుడైనా చెప్పక తప్పకపోతే ‘ఆ మెల్‌బోర్న్ అమ్మాయి’ అనేది.

తరువాతి సోమవారం నేను బోర్డు తుడిచి, జాబితా కొత్తగా రాశాను. హారిక పేరు రాయలేదు. తన వేళ ఇంకో అమ్మాయికి ఇచ్చాను.

మంగళవారం నాలుగింటికి హారిక ఎప్పటిలాగే వచ్చింది. బల్ల మీద వేరే అమ్మాయి పడుకుని ఉంది. గుమ్మంలో నిలబడి బోర్డు వంక చూసి, వెనక్కి తిరిగింది. కాసేపటికి మంచినీళ్ల కోసం బయటికి వెళ్తే, వరండాలో గోడకు చెయ్యి ఆనించి, నేను నేర్పిన ఒంటికాలి గుంజిళ్లు తనే లెక్కపెట్టుకుంటూ తీస్తోంది. నన్ను చూసి, “ఇట్స్ ఫైన్ ఆంటీ, ఐ కెన్ డూ ఇట్ హియర్,” అంది. దొంగకు తేలు కుట్టినట్టు లోపలికి వచ్చేశాను. నాకు చాలా సిగ్గనిపించింది.

ఆ బుధవారమే మెల్‌బోర్న్ ఫిజియో నుంచి వైద్య నివేదిక అడుగుతూ ఈమెయిల్ వచ్చింది. ఇది క్రీడాకారిణి సంతకంతో ఒక ఫిజియో నుంచి ఇంకో ఫిజియోకు వెళ్లే కాగితం, కోచ్ చేతిలోకి రాదు. అందులో ముఖ్యమైనది గెంతు పరీక్ష. ఒంటికాలి మీద ఎంత దూరం గెంతగలరో రెండు కాళ్లకూ టేపుతో కొలుస్తాం. బాగున్న కాలి దూరంలో దెబ్బతిన్న కాలు తొంభై శాతమైనా అందుకోవాలి. హారికను పిలిచి మూడుసార్లు గెంతించాను. ఎనభై ఆరు వచ్చింది.

గురువారం మధ్యాహ్నం వాళ్ల నాన్న పారమట్టాలో తన ఆఫీసు నుంచి నేరుగా వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. “అక్కా, నాలుగు పర్సెంటే గదా. జర నైంటీ అని రాస్తే ఏమైతది? వాళ్లు రిజెక్ట్ చేస్తే పోరి తట్టుకోలేదక్కా. ఇక్కడ ఎట్లాగూ ప్లేస్ లేకుండ చేసిన్రు,” అన్నాడు. ఆయన వెళ్లిన గంటకు బ్రెండా వచ్చింది. అబద్ధం రాయమని ఆవిడ అడగలేదు. నివేదిక పంపడానికి తొందరేమీ లేదనీ, సోమవారం పంపినా పర్వాలేదనీ అంది. నమోదు గడువు శుక్రవారంతో అయిపోతుందని మా ఇద్దరికీ తెలుసు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఒకరికి నాలుగు శాతం కావాలి, ఒకరికి నాలుగు రోజులు కావాలి.

ఆవిడ గది దాటకముందే నివేదిక పంపేశాను. ఎనభై ఆరు అనే రాశాను. మిగిలిన ఆరు వారాల్లో ఏ వారం ఏ వ్యాయామమో రెండు పేజీలు జత చేశాను. ఆ అంకె మార్చకుండానే పంపానని హారికకు కూడా చెప్పాను. కళ్లు ఎర్రబడ్డాయి, కాని వాదించలేదు. మర్నాడు జవాబు వచ్చింది. పేరు నమోదు చేసుకుంటాం, ఆరు వారాల తరువాత మా దగ్గర మళ్లీ పరీక్ష పెడతాం, అందులో నెగ్గితేనే ఆడిస్తాం అన్నారు. క్లియరెన్స్ మీద బ్రెండా చివరి గంటలో సంతకం పెట్టింది. పరీక్ష దాకా హారిక ఉండేది సిడ్నీలోనే కాబట్టి, ఆ ఆరు వారాలూ ఆ మోకాలిని ఎవరు చూడాలన్నది మిగిలింది.

సోమవారం బోర్డు మీద పసుపు రంగుతో హారిక పేరు మళ్లీ రాశాను. సమావేశంలో మిగతా పేర్లతో పాటు పైకి చదివాను. ఆ అమ్మాయి ఇప్పుడు మన జట్టు కాదు కదా అంది బ్రెండా. నాకు కోపం వచ్చింది. పంతొమ్మిదేళ్లు ఆసుపత్రిలో సర్జన్ల దగ్గర అణచుకున్న కోపమంతా ఆ పూటే వచ్చినట్టుంది. “అమ్మాయి మన జట్టు కాకపోవచ్చు. మోకాలు మాత్రం మన దగ్గరే తెగింది,” అన్నాను. బ్రెండా తన కాగితాలు సర్దుకుంది. పొద్దున్న ఏడింటికి మైదానం ఖాళీగా ఉంటుంది, అప్పుడైతే ఎవరికీ అడ్డం కాదు, అని మాత్రం అంది.

నాలుగో వారానికి దిశ మార్చే వ్యాయామాలు మొదలయ్యాయి. అందుకు పరుగెత్తే పిల్లకు ఎదురుగా ఒకరు సరైన క్షణంలో బంతి అందించాలి. అరవై దాటిన నేను బంతి తంతే అది ఎటు పోతుందో దానికే తెలియదు. మొదటి రోజు నా తిప్పలు ఎక్కడి నుంచి చూసిందో గాని, రెండో రోజు బ్రెండా బంతుల సంచి భుజాన వేసుకుని వచ్చింది. హారికతో మాట్లాడలేదు. బంతులు అందిస్తూ పోయింది. మూడో రోజు ఓర్చుకోలేకపోయింది. ఎడమ పాదం ముందు పడాలి, నడుము కిందికి దించు, మధ్య వరసలో ఆడేదానివి ఇలా తిరిగితే బంతి ఇంటికి తీసుకుపోతారు అంటూ కేకలు మొదలుపెట్టింది. ఆ కేకలు విని హారిక నవ్వింది. ఆ దరఖాస్తు పెట్టిన తరువాత ఆ పిల్ల నవ్వడం నేను చూడటం అదే మొదలు.

మెల్‌బోర్న్ పరీక్షలో తొంభై మూడు వచ్చింది. మరుసటి ఏడాది ఆ జట్టుతో మాకు మ్యాచ్ పడింది. రెండో సగంలో హారిక ఎడమ పాదం ముందు వేసి, నడుము దించి, మా డిఫెండర్‌ను అక్కడే నిలబెట్టి దాటిపోయి గోల్ కొట్టింది. బ్రెండా చేతిలోని నీళ్ల సీసా నేలకేసి కొట్టి, ఇక్కడ రాయలేని మాట ఒకటి అంది. తరువాత నా వైపు వంగి, ఆ మలుపు నేర్పింది తనే అని చెప్పింది. మ్యాచ్ ఓడిపోయాం.

నేను పదవీ విరమణ చేసేలోపు మెడికల్ రూమ్ నియమాల్లో ఒక వాక్యం చేర్పించాను. బోర్డు మీద నుంచి పేరు తీసేది గాయం మానినప్పుడే గాని, క్రీడాకారిణి వెళ్లిపోతానన్నప్పుడు కాదు అని. బ్రెండా అభ్యంతరం చెప్పకుండా సంతకం పెట్టింది. నా తరువాత వచ్చినవాళ్లు ఆ వాక్యం ఎందుకు అవసరమైందని అడిగితే, కోచ్ కఠినురాలు అనుకోవద్దని చెప్పాను. నివేదిక ఆలస్యం చెయ్యమని ఆవిడ అడిగింది నిజమే, దానికి ఎదురు చెప్పడం నాకు కష్టం కాలేదు. అడగకుండానే చేసే పనులకే కాపలా కావాలి. ఆ మొదటి సోమవారం హారిక పేరు తీసెయ్యమని నాకెవరూ చెప్పలేదు.