ముందు నడిచే మనిషి

మా మామది దుమ్ముగూడెం అవతల అడవి అంచు ఊరు. ఖమ్మంలో మా ఇంటికొస్తే ఆదివారం అందరినీ చెరువు చుట్టూ వాకింగ్‌కి బయల్దేరదీసేవాడు. ఆటో పట్టేంత వెడల్పైన సిమెంటు బాట మీద, కర్రతో నేల తట్టుకుంటూ తను ముందు. వెనక మేం ఒకరి వెంట ఒకరం, చివర అత్త. మిగతా జనం మమ్మల్ని చూసుకుంటూ దాటిపోయేవాళ్లు.

"పక్కపక్కన నడుద్దాం మామా" అన్నాను ఒకసారి.

"పాముంటే ముందుగాల నన్నే కరవాలె. నువ్వు ఎనక నడువు."

ఆ బాట మీద మాకు ఐస్‌క్రీం బండి తప్ప ఏదీ ఎదురు రాలేదు.

ఆయన పోయాక మొదటిసారి చెరువుకు వెళ్లినప్పుడు, గేటు దాటగానే అలవాటుగా వరుసలో నిలబడ్డాం. ముందుకు ఎవరమూ కదల్లేదు. కాసేపటికి చివర నుంచి అత్త వచ్చి అందరికంటే ముందు నిలబడింది. చేతిలో ఆయన కర్ర ఉంది.

"ఏంది గట్ల నిలబడ్డరు? రాండ్రి" అని నేల తట్టింది.