అనీసా వేళ్లు

గుమ్మఘట్ట ఊరి అనీసా ఐటీఐ చదివి, బెంగళూరు ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి ప్రయాణికుల విమానాల తలుపులకు రేకులు బిగించే రివెట్లు గన్నుతో కొట్టింది. ఆ గన్ను అదురుకు చివరికి వేళ్లు తెల్లగా పాలిపోయి, స్పర్శ పోయింది. రివెట్లు వంకరగా దిగుతున్నాయని సూపర్‌వైజరు పనిలోంచి తీసేసినాడు. ఇక నయం కాదని డాక్టరు చెప్పినాడు.

ఊరికొచ్చి, తల్లి జైతూన్ బీ పక్కన విత్తనానికి శనక్కాయలు ఒలవడానికి కూర్చుంది. ఎంత ఒత్తుతోందో తెలియక గింజలన్నీ బద్దలు చేసింది.

"బద్దలైతే మొలకెత్తవు. నువ్వు లేమ్మా, నేను ఒలుస్తా" అనింది తల్లి.

"ఇది గూడా చేతగాకపోతే నేనింకేం చేసేదమ్మా?"

జైతూన్ బీ ఆ వేళ్లను అరచేతుల్లో పెట్టుకొని రుద్దింది. "వెచ్చగా ఉండాదా?"

"నువ్వు పట్టుకున్నట్టే తెలీలేదమ్మా" అంటూ అనీసా ఏడ్చింది.