నార్బర్ట్ ఎడమ బూటు

అమెరికాలోని ఫోర్ట్ వేన్ ఊళ్ళో రాగితీగకు చర్మం తొడిగే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. వెంట్రుకంత తీగ ఎనామిల్ తొట్టిలో మునిగి, కొలిమిలోంచి పైకి లేచి, మళ్ళీ మునిగి, అలా పదిసార్లు పూత పూయించుకుంటే తప్ప మోటారులో చుట్టడానికి పనికిరాదు. ఆ ఎనామిల్‌ను పలచగా కరిగించి ఉంచేది క్రెసాల్ అనే ఘాటైన ద్రావకం. తీగ కొలిమిలో దూరగానే తన పని అయిపోయిందని ఆవిరైపోతుంది. నార్బర్ట్ లెంగరిచ్‌ను మాత్రం అది ఇరవై ఆరేళ్ళుగా వదల్లేదు.

తారూ ఆస్పత్రీ కలిపి కాచినట్టుండే వాసన అది. నార్బర్ట్ బస్సెక్కితే వెనక మూడు వరుసలు ఖాళీ అయ్యేవి. చర్చిలో అతను కూర్చున్న బెంచీ చుట్టుపక్కల ఈగ వాలి ఎరగదు. అతను తలుపు తీసేసరికి ఇంట్లో గోడగడియారం పెండులం ఒక్క క్షణం ఊపిరి బిగబట్టేదని భార్య వయోలా ప్రమాణం చేసి చెప్పేది. అలా అంటూనే అతని కోటు అందుకుని కొక్కేనికి తగిలించేది.

ఫ్యాక్టరీలో అతను జాగ్రత్తకు మారుపేరు. చలికాలంలో పీపాలో క్రెసాల్ గడ్డకడితే వెచ్చని గదిలో పెట్టి కరగనివ్వాలి. ముఖానికి అద్దపు ముసుగు, చేతులకు మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, ఒంటికి రబ్బరు ఏప్రన్, కాళ్ళకు రబ్బరు బూట్లు లేకుండా ఎవర్నీ పీపా మూత తాకనిచ్చేవాడు కాదు. ఒంటిమీద చుక్క పడితే గొలుసు లాగి షవర్ కింద నిలబడాల్సిందే. అన్నిటికంటే గట్టిగా చెప్పే మాట ఒకటుంది. "తోలు మీద పడిందా, ఇక దాని సంగతి మర్చిపో. తోలు దాన్ని తాగేస్తుంది. ఎంత కడిగినా కక్కదు. బెల్టయినా బూటయినా ముక్కలు చేసి ఎర్ర డబ్బాలో పడెయ్యి."

అలాంటివాడు, పెళ్ళయి పాతికేళ్ళయిన మర్నాడు, వయోలా కానుకగా ఇచ్చిన కొత్త తోలు బూట్లు వేసుకుని పనికెళ్ళాడు. అందరికీ చూపించాలని సంబరం. క్రెసాల్ గొట్టం బిగింపు కాస్త వదులైంది. ఎడమ బూటు మీద గుప్పెడు క్రెసాల్ చిమ్మింది.

షవర్ కింద నిలబడ్డాడు. మేజోడు పారేశాడు. కాలు సబ్బుతో రుద్ది రుద్ది కడిగాడు. బూటు చేత్తో పట్టుకుని ఎర్ర డబ్బా దాకా వెళ్ళాడు కూడా. అక్కడ నిలబడి, ఎవరూ చూడకుండా దాన్ని ఏప్రన్ కింద దాచి ఇంటికి తెచ్చుకున్నాడు. గ్యారేజీలో సబ్బుతో తోమి, హీటరు పక్కన ఆరబెట్టి, రెండో రోజునుంచి మళ్ళీ వేసుకున్నాడు. మొదట్లో కాస్త మంట. తర్వాత అదీ లేదు. కాలు మహా సుఖంగా ఉందనుకున్నాడు.

శనివారం సాయంత్రం చర్చి హాల్లో చేపల విందునుంచి వచ్చాక, ఎప్పటిలాగే బేసిన్‌లో వేడినీళ్ళు పోసి అతని ముందు పెట్టింది వయోలా. కలపడానికి చన్నీళ్ళు తెచ్చేలోపు అతను ఎడమకాలు పెట్టేశాడు. ఆమె వేలు ముంచి కెవ్వుమంది.

"ఓరి దేవుడా! తియ్యవయ్యా కాలు!"

"ఏమైందే? బానే ఉందిగా."

"బానే ఉందా? కోడి ఈకలు పీకొచ్చు ఆ నీళ్ళతో!" వంగి కాలు పట్టుకుని పైకి లాగింది. మడమనుంచి వేళ్ళదాకా చర్మం సున్నంలా తెల్లబడి ముడుచుకుపోయింది. ఆమె బొటనవేలు గిల్లింది. అతను గోడకేసి చూస్తున్నాడు.

"గిల్లాను."

"ఎప్పుడు?"

ఆమె వంగినదల్లా ముక్కు చిట్లించి, తలుపు పక్కనున్న బూటు దగ్గరికి వెళ్ళి వాసన చూసింది. "నార్బర్ట్. ఎన్నాళ్ళయింది?"

"మంగళవారం నుంచి," అన్నాడు చర్చిలో పాపం ఒప్పుకునేవాడిలా.

"ఊరందరికీ పాఠాలు చెప్పే పెద్దమనిషివి కదయ్యా!"

"నువ్విచ్చినవే... డబ్బాలో ఎలా పడెయ్యను?"

"నేనిచ్చింది నీ కాళ్ళ కోసం! బూట్ల కోసం కాదు!"

కాలిని పావుగంట గోరువెచ్చని నీళ్ళధార కింద కడిగి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు చూసి, ఇంకో వారం గడిచుంటే అది రక్తంలోకి ఇంకి, చర్మంతోపాటు మూత్రపిండాల సంగతీ చూడాల్సొచ్చేదన్నాడు. నరాలకు స్పర్శ తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. మూడు వారాలు చూడాలన్నాడు.

ఇంటికొచ్చాక వయోలా రేకులు కోసే కత్తెర తీసింది. నార్బర్ట్ కుర్చీలోంచి బతిమాలాడు. "కుడిది ఏ పాపమూ ఎరగదు వయోలా. దాన్నయినా ఉంచు."

"ఒంటికాలి కొంగవా?"

తోలు దళసరిగా ఉంది. ఆమె చేతిలో కత్తెర జారింది. అతను కుంటుకుంటూ లేచి రబ్బరు తొడుగులు తెచ్చి ముందు ఆమె చేతులకు తొడిగాడు. తర్వాత తన చేతులకూ తొడుక్కుని కత్తెర అందుకున్నాడు. ఆమె పట్టుకుంది, అతను కోశాడు. ఒక్కో ముక్కా సంచిలో పడింది. సోమవారం ఆ సంచి తీసుకుని ఫ్యాక్టరీకి వయోలాయే వెళ్ళి, నలుగురూ చూస్తుండగా ఎర్ర డబ్బాలో పడేసి, ఏం జరిగిందో నార్బర్ట్ తరఫున చెప్పి వచ్చింది.

ఆనాటినుంచి రోజూ సాయంత్రం భోజనాలయ్యాక అతని పాదం ఒళ్ళో పెట్టుకుని, అతన్ని కళ్ళు మూసుకోమని, ఒక్కో వేలూ తాకేది.

"తెలుస్తోందా?"

"లేదు."

"ఇది?"

"ఊహూ. మొక్కజొన్న కంకిని తాకుతున్నావేమో చూసుకో."

పద్దెనిమిదో రోజున చిటికెనవేలు పట్టుకుంది. అతని కనుబొమలు ముడిపడ్డాయి. ఆమె ఊపిరి బిగబట్టింది.

"గిన్నెలు కడిగి చేతులు తుడుచుకోలేదు కదూ," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "చల్లగా ఉన్నాయే."

వయోలా ఆ వేలు వదల్లేదు.