హౌజులో కొర్రమట్ట

శుక్రవారం పొద్దున అక్వేరియం నీళ్లు మార్చేటప్పుడు పచ్చినాచుదీ తడి ఇసుకదీ కలిసిన ఒక చల్లటి వాసన వస్తుంది. అది ముక్కుకు తగిలిందంటే చాలు, ఇక ఆ రోజంతా నాకు పనిమీద మనసు నిలవదు. మా పాప పోరుపెడితే మొన్న కరీంనగర్ నుంచి తెచ్చాం ఈ గాజుతొట్టిని. దుకాణంలో పాప నల్లచారల చేపను చూసి ఎగిరి గంతేసింది గానీ, అది గప్పీలనే చిట్టి రంగుచేపల తోకలు కొరుకుతుంది కాబట్టి నేను ససేమిరా అన్నాను. నీళ్లలో ఎవరి పక్కన ఎవరు బతుకుతారో నాకు మా బాపు చెప్పాడు.

మాది మెట్‌పల్లి దగ్గర పల్లె. నాకు ఊహ తెలిసేనాటికే బాపు గల్ఫ్‌లో ఉన్నాడు, అక్కడొక సేటు బంగళాలో తోటపని. ఊళ్లో మిగతావాళ్లు సెలవు మీద వస్తూ టేప్‌రికార్డర్లు, సెంటు సీసాలు, పువ్వుల కంబళ్లు మోసుకొస్తే, మా బాపు ఆ తోటలోని నీటిమడుగును మనసులో మోసుకొచ్చి, వాకిట్లో పూటంతా ఎండ, మాపటికి వేపనీడ పడేచోట చూసి సిమెంటు హౌజు కట్టాడు. "గల్ఫుకు పోయి గుంత తవ్వుడు నేర్సుకొచ్చిండు" అని నాయనమ్మ గడపలో కూర్చుని ఒకటే సణుగుడు. హౌజు ఆరినా చేపలు వెయ్యనివ్వలేదు బాపు. నీళ్లు నింపడం, నానబెట్టడం, పారబొయ్యడం, మళ్లీ నింపడం. నేను చెయ్యి పెట్టబోతే పట్టుకుని ఆపాడు. "కొత్త సిమెంటు కొరుకుతది బిడ్డా."

ఆ తర్వాత మొదలైంది అసలు సంబరం. పాత బొక్కెనలో నల్లరేగడి నింపి, మన్ను తేలకుండా పైన ఇసుక పరిచి, కలువగడ్డ నాటి అడుగున పెట్టాడు. కరీంనగర్ నుంచి గాలి నింపిన కవర్లో గప్పీలను ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చి, కవరును అట్లాగే నీళ్లమీద తేలేసి, హౌజు నీళ్ల చల్లదనం అలవాటయ్యాక వదిలాడు. ఎర్రచేప అందమే గానీ కలువ వేళ్లు పీకుతుంది, ఎండ్రికాయ దుంపను కత్తిరిస్తుంది, తాబేలు చేపల్ని బతకనివ్వదు, గుర్రపుడెక్కను ఒక్కదాన్ని వేస్తే నీళ్లే కనపడకుండా కమ్మేస్తుంది అని ఒక్కొక్కటే చెప్తుంటే, కచ్చకాయలు పక్కన పడేసి నోరు తెరుచుకుని వినేదాన్ని. "కొర్రమట్ట మాత్రం ఎన్నటికీ వద్దు. అది ఎవ్వలతోని కలువది, మింగుడే."

బాపు మళ్లీ గల్ఫ్‌కు వెళ్లిపోయాక హౌజు మా అమ్మదైంది. ఆమెను నేను అవ్వా అనే పిలిచేదాన్ని. శుక్రవారం అక్కడ సెలవు. పక్కింటికి ఫోను వచ్చేది. ఆ ఇంటివాళ్లంతా చెవులు రిక్కించి కూర్చుంటే మొగుడూ పెళ్లాలు ఏం మాట్లాడుకుంటారు, నా తలకాయ! అందుకని హౌజు ముచ్చట్లే మాట్లాడుకునేవారు. ఏ గప్పీకి పొట్ట దిగింది, ఏ కలువ మొగ్గ తలెత్తింది, బతుకమ్మకని రంగుల్లో ముంచిన గునుగుపూలు నీళ్లలో పడకుండా ఎట్లా కాపలా కాసింది, పొద్దస్తమానం మూతి ముడుచుకుని ఉండే అవ్వ ఆ ఫోన్లో వాగులా మాట్లాడేది. బాపు అటునుంచి తన తోటలోని ఎర్రకలువల గురించీ బాతుల గురించీ చెప్పేవాడు. వాళ్లకున్న కాపురమంతా అదే. అది నాకప్పుడు తెలియలేదు.

ఆ యేడు మిరుగం వచ్చింది. మృగశిర కార్తె మొదలయ్యే రోజు మా వైపు ఇంటింటా చేపలకూర ఉడకాల్సిందే. ఆ రోజున చెరువుగట్టు మీద ధర మండిపోతుందని ముందుగానే కొర్రమట్టను తెచ్చి, కత్తిపీట ఎక్కేదాకా నీళ్లగోలెంలో బతికించుకునేవారు, అది గాలి పీల్చే చేప గనక. మా చిన్నాయన అట్లాగే మోచేతి పొడుగున్నదాన్ని తెచ్చాడు. గోలెంలో బర్రెలకని కలిపిన కుడితి ఉంది. అవ్వ తన తల్లిగారింటికి వెళ్లింది. నేనూ ఆమె వెంటే ఉన్నాను. చిన్నాయన సాఫుగా ఉన్న నీళ్లు చూసుకున్నాడు, హౌజులో వదిలాడు, పోయాడు.

మేం వచ్చేసరికి నీళ్లు కదలడం లేదు. బొక్కెన పక్కకు ఒరిగి, మన్ను తేలి, కలువాకుల మధ్య నల్లటి తల ఒకటి పైకొచ్చి గాలి మింగి మునిగింది. గప్పీ పిల్ల ఒక్కటంటే ఒక్కటి లేదు. "శాపలను శాప తింటదని నాకేమెరుక వదినె" అన్నాడు చిన్నాయన, వట్టి అమాయకపు మొహం పెట్టి. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పచ్చిమామిడి వేసిన పులుసు వాసన వాడంతా గుప్పుమంటుంటే అవ్వ, మిరుగానికి చేపలు తిననివాళ్లు మింగే ఇంగువబెల్లం ఉండ నోట్లో వేసుకుని, కూర ముట్టకుండా, బర్రెల దగ్గరికి వెళ్లిపోయింది.

శుక్రవారం ఫోను మోగింది. అవ్వ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "మంచిగున్నయి. మల్ల పిల్లలు వెట్టినయి." చేపలు పోయాయంటే ఇంకేం మాట్లాడాలో ఆమెకు తెలియదు, అంతే. చిన్నాయన కొత్త గప్పీలు తెస్తా తెస్తా అంటూ నాట్లలో పడిపోయాడు. లేని చేపలు మాత్రం వారం వారం పిల్లలు పెడుతూనే ఉన్నాయి. బాపు వచ్చి చూస్తే ఏమవుతుందోనని నాకు అన్నం సహించేది కాదు.

చెప్పాపెట్టకుండానే వచ్చాడు బాపు. బ్యాగు దించి నేరుగా హౌజు గట్టు మీద కూర్చున్నాడు. వంగి నీళ్లలోకి చూశాడు.

"కొర్రమట్టనా?"

అవ్వ తల ఊపింది. తిడతాడని నేను తలుపు చాటుకు పోయాను.

"తోటపని ఎప్పుడో పోయింది. సేటు బంగళ అమ్ముకున్నడు. బిల్డింగుల కాడ సిమెంటు పనికి పోతున్న."

"మరి గా ఎర్రకలువలు, గా బాతులు? మొన్న సుత జెప్తివి గదా!"

"నువ్వు గీ శాపల ముచ్చట జెప్పినట్టే."

అప్పుడు చూశాను బాపు చేతులు. వేళ్ల సందులు పగిలి, గోళ్ల చుట్టూ చర్మం తెల్లగా చచ్చిపోయి ఉంది. అవ్వ ఏడుస్తూ కొబ్బరినూనె తెచ్చి ఆ చేతులకు రాసింది. పక్కింటివాళ్లు చూస్తున్నా ఆగలేదు.

ఇప్పుడా హౌజు లేదు, పూడ్చి పైన స్నానాలగది కట్టారు. మిరుగానికి చేపలు ముక్కలై నల్లకవర్లో వస్తున్నాయి. పక్కింట్లో మోగే ఫోను కోసం ఎవరూ పరుగెత్తరు. మా ఆయనా గల్ఫ్‌లోనే ఉన్నాడు, ఆఫీసులో కూర్చునే పని అంటాడు. శుక్రవారం వీడియోలో మాట్లాడతాం. ఇవాళ పాప ఫోను అక్వేరియం ముందు పెట్టి గప్పీలను చూపించింది. ఆయన ముచ్చటగా చూసి పిల్లలెన్ని అని అడిగాడు. నేను ఫోను తీసుకున్నాను.

"శాపల ముచ్చట తర్వాత. జర నీ చేతులు సూపియ్యి."

"గిదేం పిచ్చే నీకు?" అని నవ్వాడు. నేను నవ్వలేదు. తెర నిండా ఆయన మొహమే ఉంది. చేతులు పైకి రాలేదు.