సారు వేసిన ముడి

నా రాత వంకరగా ఉంటుంది, తప్పులూ ఉంటాయి. ఊరి బడిలో ఐదు దాకే చదివాను. మన్నించి చదవండి. మా పశువుల డాక్టరు సారు పోయాడు. మొన్న ఆదివారం పొద్దున, తిరుమలగిరిలో చాయ్ తాగుతూనే గుండె ఆగిపోయిందని మా అల్లుడు వచ్చి చెప్పాడు. చచ్చిన గొర్రెపిల్లకు గుంట తవ్వుతున్నాను అప్పుడు. ఆ పూటే సారు దగ్గరికి పోదామనుకున్నాను. గడ్డపార పక్కన పెట్టేశాను.

సారుకు ఒక జేబులో ఫోను, ఇంకో జేబులో నీలం అట్ట డైరీ ఉండేవి. ఏ మందకు ఏ మందిచ్చాడో డైరీలో రాసేవాడు. మళ్లీ రావలసిన రోజుకు ఫోనులో అలారం పెట్టేవాడు. మా ఇంటామె ఊరుకునేది కాదు.

“ఇద్దరు పెండ్లాలున్నోని లెక్క రెండెందుకు మోస్తవ్ సారూ?”

“ఫోను యాది చేస్తది చిన్నమ్మా. దేనికి యాది చేసిందో కాయితం చెప్తది.”

నాకు ఆ రెండూ అలవాటు లేవు. మా నాయిన లాగే గొంగడి అంచు దారానికి ముడి వేసుకుంటాను, పని అయ్యాక విప్పుతాను. సారు నవ్వలేదు. “ముడి మంచిదే కాకా. దేనికేసినవో మాత్రం రాసుకో” అని నోట్‌బుక్కు కొనిచ్చాడు. నా ఫోనులో అలారం కూడా తనే పెట్టాడు. ఒకనాడు అది మోగితే ఎందుకో తెలియక ఆయనకే ఫోన్ చేశాను.

“ఫోను మొత్తుకుంటాంది సారూ, ఏం గావాల్నట?”

“దూపయితాందేమో, నీళ్లు పెట్టు. గొర్ల కడుపుల పురుగులకు నట్టల మందు తాపే దినం కాకా! రాసుకోలేదా?”

“నువ్వున్నవు గద సారూ.”

“నేనేమన్న నీ జేబుల ఉంటనా?”

నా రాత ఎవరన్నా చూస్తారని సిగ్గు. అందుకే రాయలేదు.

పోయిన నెల నా ఫోను గొర్రెల నీళ్ల తొట్టిలో పడి పాడైంది. ఆ తర్వాత వచ్చిన సారు మందకు సూది వేసి, నా గొంగడికి తనే ముడి వేశాడు. ఏ సూది వేశాడో, రెండోది ఎప్పుడో చెప్పాడు. “సాయంత్రం రాసుకో కాకా” అన్నాడు. సరే అన్నాను. రాయలేదు. ఆయన చెప్పింది కూడా మరిచిపోయాను.

ఇప్పటికి తొమ్మిది గొర్రెపిల్లలు పోయాయి. తల్లులు రాత్రంతా అరుస్తున్నాయి. కొత్త డాక్టరు వచ్చి, “ఏ సూదేసిన్రు? ఎన్నడేసిన్రు? తెలువకుంట రెండో సూది నేనెట్ల ఎయ్యాలె?” అంటున్నాడు. సారు ఫోను తెరవడం వాళ్లింట్లో ఎవరికీ రాదు. ఆయన జేబులోనూ, మందుల సంచిలోనూ డైరీ లేదు. ఆ సూది వేసిన నాడు మా దగ్గరి నుంచి ఆయన రామన్నపేట దిక్కు పోయాడు. ఆ దిక్కు కాపరులారా, మీ కొట్టాల్లో నీలం అట్ట డైరీ మరిచిపోయాడేమో జర వెతకండి.

సారు కొనిచ్చిన నోట్‌బుక్కులో నేను రాసిన మొదటి పేజీ ఇదే, చింపి మా అల్లుడితో మీకు పంపుతున్నాను. బయట వాన పడుతోంది. తడిసిన గొంగడికి ఆయన వేసిన ముడి ఇంకా బిగుసుకుంది. దాన్ని పట్టుకునే కూర్చున్నాను. తొందరగా జవాబు రాయండి.