అతుకుల అంగడికి కొత్త నంబరు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. తొంభైల మొదట్లో, మద్రాసు పురసవాక్కంలో మా చిన్నాయన ఆఫీసులో పనిచేసే రోజుల్లో, పరిశ్రమల వర్గీకరణ పుస్తకాన్ని నేను నవల చదివినట్టు చదివేదాన్ని. ప్రభుత్వం అచ్చువేసిన లావుపాటి పుస్తకం అది. దేశంలో మనుషులు చేసే ప్రతి పనికీ అందులో ఒక నంబరు ఉంటుంది. గొడుగులు చేసేవాళ్లకొకటి, ఏనుగు దంతం చెక్కేవాళ్లకొకటి. మధ్యాహ్నం అన్నం తిన్నాక చిన్నాయన కునుకు తీస్తుంటే నేను ఏదో ఒక పేజీ తెరిచి, ఆ నంబరు వెనక ఉన్న ఇంటిని, ఆ ఇంట్లో పొద్దున్నే మొదలయ్యే చప్పుళ్లను ఊహించుకునేదాన్ని. ఆయన కళ్లు తెరిస్తే, టైపు చేయడానికి చూస్తున్నానని అనుకునేవాడు.

చీరల అంగడి మీద ఒక గది, అదే మా ఆఫీసు. చిన్న చిన్న కార్ఖానాల వాళ్లకు రిజిస్ట్రేషన్లు చేయించడం, టెండరు కాగితాలు నింపిపెట్టడం మా పని. ప్రభుత్వం కొన్ని వస్తువులను చిన్న పరిశ్రమల దగ్గరే కొనేది. అయితే టెండరులో అడిగిన వస్తువు నంబరు మన రిజిస్ట్రేషన్ మీద కూడా ఉండాలి. లేకపోతే ధర చూడకుండానే కాగితాలు పక్కన పడేసేవారు. ఆ నంబర్లు నాకు కంఠతా వచ్చు. ఆ పిల్ల వచ్చేదాకా ఆఫీసులో నాకున్న గౌరవమంతా అదే.

ఆ పిల్ల మైలాపూరు నుంచి మోపెడ్ మీద వచ్చేది. పనిలో చేరిన వారానికే కింద చీరల అంగడి వాళ్లు ఆమెకు కాఫీ పంపడం మొదలుపెట్టారు. నేను మూడేళ్లుగా వాళ్ల పక్క మెట్లే ఎక్కుతున్నాను, నా పేరు కూడా వాళ్లకు తెలియదు. డైరీలో ఆమె పేరు రాయడానికి నాకు చెయ్యి రాలేదు. 'ఆ పిల్ల' అనే రాసుకున్నాను. ఇప్పుడూ అలాగే రాస్తున్నాను.

ఆ ఏడాది వానలకు ముందు రాయపురం నుంచి ఒక పెద్దమ్మ వచ్చింది. హార్బరు లారీల మీద కప్పే తార్పాయిలు చిరిగితే బాగుచేసే అంగడి ఆమెది. మామగారి కాలం నుంచీ అందరూ దాన్ని అతుకుల అంగడి అంటారు. చవకరకం ప్లాస్టిక్ పట్టాలు వచ్చాక అతుకులు వేయించేవాళ్లు తగ్గిపోయారు. బియ్యం గోడౌన్లకు ప్రభుత్వం తార్పాయిలు కొంటోందని ఎవరో చెబితే వచ్చింది. ఆ ఆర్డరు రాకపోతే కుట్టుమిషన్లు అమ్ముకోవాల్సిందేనని చెప్పింది.

ఆమె సర్టిఫికెట్ చూశాను. 'రిపేరు' అని ఉంది. పుస్తకంలో తార్పాయిలు తయారుచేసేవాళ్లు బట్టల పనుల మధ్య ఉంటారు. రిపేర్లు ఎక్కడో చివర్లో. చిన్నాయనకు అదే చెప్పాను.

"రిపేరని ఉంటే ఇయ్యరక్కా. తయారుచేసేవాళ్లకే ఇస్తారు," అన్నాడు చిన్నాయన.

ఆమె చెంగుతో మొహం తుడుచుకొని లేచింది. ఇంకొక్క మాట అడిగి చూడాలని నాకు తోచలేదు. తోచినా నోరు పెగిలేది కాదు.

"ఉండు పెద్దమ్మా, నేనూ ఆ పక్కకే పోతా ఉండా. బండెక్కు," అంది ఆ పిల్ల. మైలాపూరు, రాయపురం చెరో దిక్కని అందరికీ తెలుసు.

తిరిగి వచ్చేసరికి ఆమె చున్నీకి తార్పాయిల మైనం వాసన, చేపల పులుసు వాసన.

"అక్కా, ఆడ అతుకులు సగమే! కొత్త తార్పాయిలు కుప్ప పోసుండారు. కొలిచేది, కత్తిరించేది, అంచు మడిచి కుట్టేది, రింగులు కొట్టేది, అంతా వాళ్లే!"

"మరి రిపేరని ఎందుకు రాయించారు?" అన్నాను.

"అడిగితే ఏమంటాదో తెలుసా? 'గుడ్డ లారీవోళ్లు తెచ్చిచ్చేది కదా పాపా, మాదేముంది, కుట్టేదే కదా' అంటాది! ఐయో, నవ్వలేక చచ్చినా. సరి అక్కా, కొత్తగా చేసేదానికి నంబరేంది?"

పుస్తకం తెరవకుండానే చెప్పాను. అరచేతిలో రాసుకుని చిన్నాయన బల్ల దగ్గరికి పరిగెత్తింది.

"భలే పట్టినావే పాపా!" అన్నాడాయన.

"నంబరు అక్క చెప్పింది సార్," అంది. నిజంగానే అంది. ఆయన వినిపించుకోలేదు. ఆ ఘనత తనదేనని ఆమె చెప్పుకుని ఉంటే నాకెంత హాయిగా ఉండేదో! తిట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది.

రిజిస్ట్రేషన్ మార్చాలంటే పరిశ్రమల ఆఫీసు నుంచి అధికారి వచ్చి చూడాలి. టెండరు గడువు దగ్గరపడుతోంది. ఆయన వచ్చే రోజు నన్ను కూడా రాయపురం తీసుకుపోయారు. పచ్చటి తార్పాయి ఒకటి గది చాలక వీధిలోకి పరుచుకుని ఉంది. దాన్ని తొక్కకుండా పక్కింటివాళ్లు గోడ పట్టుకుని నడుస్తున్నారు. పెద్దమ్మ దాని నడుమ కూర్చుని అంచు మడుస్తోంది.

"ఇది అతుకుల అంగడే కదమ్మా? వీధి మొదట్లోనే చెప్పారు," అన్నాడు అధికారి.

పెద్దమ్మ అవునని తలూపబోయింది.

"పేరే అతుకులు సార్, పని కొత్తది," అంది ఆ పిల్ల. "మీరే లాగి చూడండి. ఒక్క అతుకు కనబడితే మేం ఇట్నే ఎళ్లిపోతాం."

ఆయన నిజంగానే వంగి లాగి చూశాడు. నవ్వాడు. నంబరెంత అని అడిగాడు.

ఆ పిల్ల నా వైపు చూసింది. చెప్పాను. మిషన్ల చప్పుడులో నా గొంతు నాకే వినిపించలేదు. ఆమె అదే నంబరు గట్టిగా మళ్లీ చెప్పింది. ఆయన ఆమె మొహం చూసి రాసుకున్నాడు.

ఆ గొంతు నాకు కావాలనిపించింది. ఆ మోపెడ్, ఆ నవ్వు, ముక్కూమొహం తెలియనివాళ్ల ఇంట్లో కూర్చుని ఇంకొంచెం పులుసు పోయమని అడగగలగడం, అన్నీ కావాలనిపించాయి. నేను ఏళ్ల తరబడి ఊహించుకున్న ఇళ్లలోకి ఆమె చెప్పులు విడిచి నేరుగా వెళ్లిపోతోంది.

ఆర్డరు వచ్చింది. పెద్దమ్మ వేయించిన చేపలు, మల్లెపూలు తెచ్చింది. పూలు తన చేత్తోనే ఆ పిల్ల జడలో పెట్టింది. నాకు డబ్బా మూత తీసి "తినమ్మా," అంది. చేప బాగుంది. అది ఒప్పుకోవడం కూడా నాకు ఇష్టం లేకపోయింది.

ఎండలు ముదిరాక పెద్దమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి గుడారాలకు టెండరు పడిందట. చిన్నాయన ఊళ్లో లేడు, ఆ పిల్ల బ్యాంకుకు పోయింది. గదిలో నేనొక్కదాన్నే. లేచి నిలబడ్డాను.

"గుడారాలకు నంబరు వేరే పెద్దమ్మా. అది కూడా సర్టిఫికెట్లో చేర్పించాల. నేను రాసిస్తా, కూచోండి. రేపు నేనే అంగడికి వచ్చి చూస్తా."

బయటివాళ్లతో ఒక్క గుక్కలో అన్ని మాటలు నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది, ప్రేమగానే. సంచి ఒళ్లో పెట్టుకుని కుర్చీని తలుపు వైపు తిప్పుకుంది.

"నీకెందుకులే తల్లీ శ్రమ. ఆ పాప ఎంతసేపటికొచ్చినా సరే, ఈడనే కూచోనుంటా."