ద్రాక్ష ఐసు రాసిన జబ్బ

నొప్పి లేకుండా టీకా వేయించబోయి, పోలీసు స్టేషన్ గుమ్మం దాకా వెళ్లినంత పని చేసుకున్న సంగతి ఇది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెమటలు పడతాయి. మీరు నవ్వుకోండి, పర్వాలేదు.

తొంభైల చివరి మాట. బీఈడీ పూర్తిచేసి, లోకంలో నాకు తెలియనిది లేదనుకుంటూ జగ్గయ్యపేటలో అక్క ఇంట్లో ఉండేవాణ్ణి. ఐదేళ్ల మేనకోడలు స్వాతి అప్పటికే పేటలో రెండుసార్లు సూది చూసి పారిపోయింది. అక్కకి బడిలో సెలవు దొరకలేదు. నందిగామ ఆసుపత్రికి తీసుకెళ్లి వేయించే పని నా మీద పడింది.

బస్సులో స్వాతి నన్ను నిలదీసింది.

“నొప్పి పుడుతుందా మామయ్యా?”

“అస్సలు తెలీదే. నాదే పూచీ.”

“పుడితే నీతో కటీఫ్. ఎప్పటికీ మాట్లాడను.”

నా ధైర్యమంతా ఓ వారపత్రిక ఇచ్చింది. చల్లగా ఏదైనా పెడితే చర్మం మొద్దుబారి సూది తెలియదని అందులో చదివాను. ఆసుపత్రి ముందే పుల్ల ఐసు బండి కనిపించింది. మిగిలింది ద్రాక్ష రకం ఒక్కటే. అది కొని, పిల్ల నోరు తెరుచుకుని చూస్తుండగానే, వరసలో నిలబడి దాని జబ్బకి కరిగిపోయేదాకా శ్రద్ధగా రుద్దాను. తర్వాత గౌను చెయ్యి కిందికి లాగేశాను.

నర్సు ఆ చెయ్యి పైకి మడిచి కొయ్యబారిపోయింది. జబ్బంతా కమిలినట్టు వంకాయరంగు.

“ఎవరు కొట్టారమ్మా నిన్ను?”

“కొట్టలేదు. మామయ్య రుద్దాడు. నొప్పి తెలీకుండా.”

వరసలో ఉన్న తల్లులంతా పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. “చూస్తే చదువుకున్నోడిలా ఉన్నాడు, ఇదేం పోయేకాలం” అంది ఒకావిడ. “ముందు పోలీసులకి కబురు చెయ్యండి” అంది ఇంకొకావిడ.

“ఐసండీ” అన్నాను ఎలాగో.

“ఏంటీ?”

“ద్రాక్ష ఐసండీ. పుల్ల ఐసు.”

నర్సు నమ్మలేదు. దూది తడిపి తుడిచింది. రంగంతా దూదికి వచ్చేసింది. ఆవిడ దూదిని చూసింది, నన్ను చూసింది.

“ఏం చదివారండీ మీరు?”

“బీఈడీ అండీ.”

“దేవుడా” అని, జిగటగా ఉన్న ఆ చెయ్యి వదిలేసి, రెండో చేతికి సూది పొడిచింది. స్వాతి పెట్టిన కేక బస్టాండు దాకా వినపడి ఉంటుంది.

తిరుగు బస్సులో అది నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నా గుండె చెరువైపోయింది. పేట దగ్గరపడ్డాక ముక్కు ఎగబీలుస్తూ అంది:

“ఆ ఐసు నా నోట్లో పెట్టుంటే ఏడ్చేదాన్నే కాదు మామయ్యా.”

ఇంత చదివినా ఆ ముక్క నాకు తట్టలేదు. బస్సు దిగగానే రెండు ఐసులు కొనిస్తే గానీ కటీఫ్ తీరలేదు. కాబట్టి, వేదాద్రి నరసింహస్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో పుల్ల ఐసును పిల్లల నోటికే తప్ప ఒంటికి రాయను.